నైట్ హాల్ట్

రేగడిదిన్నె బోర్డు మీద జనాభా 1846.
ఆఖరి అంకె సగం పెచ్చూడి సున్నాలా కనబడుతుంది.
రాసిన పెయింటరు సుభానీ ఆ లెక్కలో ఒకడు.
ఇప్పుడు లేడు. అంకె ఉంది.

ఆలస్యంగా వచ్చిన జనాభా లెక్కలకి
బడిపంతుల్ని కాబట్టి నన్ను పంపారు.
ఫోనులో గడులు, గడికొక మనిషి.
"అమ్మా, ఇంట్లో ఎంతమంది?" అంటే
వేళ్లు మడుస్తూ మడుస్తూ ఆగిపోయింది కోటమ్మ:
"మా మనవడు పొద్దున ఐదూ నలభై బస్సుకెళ్తాడు,
రాత్రి తొమ్మిదింటి బస్సుకొస్తాడు.
వాణ్ణి ఒకడని రాస్తావా, అరని రాస్తావా?"

ఊరికి బస్సు అదొక్కటే.
గుంటూరు నుంచి వచ్చి పంచాయతీ ఆఫీసు గోడకి
ముక్కు ఆనించి తెల్లారిందాకా పడుకుంటుంది.
డ్రైవరు దయానందం వెనక సీట్లో,
కండక్టరు అరుగు మీద దోమతెరలో.
ఎందరు డ్రైవర్లు మారినా
మా కుక్కలు ఆ ఇంజను చప్పుడికి మొరగవు.
మిగతా పగలంతా నాగుల్‌మీరా ఆటోదే:
ముందు నలుగురు, వెనక ఏడుగురు,
పైన రెండు మిరపకాయ టిక్కీలు,
అడ్డరోడ్డు దాకా ఆరు కిలోమీటర్లు.
రైలు కూడా ఉంది.
మా ఊరిని చూస్తూ పోతుంది.

మొన్న డిపో నుంచి ఒకాయన వచ్చి
టికెట్ల మిషను నొక్కి, చీటీ చింపి,
"ఓఆర్ నలభై దాటట్లేదు, నైట్ హాల్ట్ ఎత్తేస్తాం" అన్నాడు.
"ఓఆర్ అంటే?"
"ఎక్కాల్సినంత మంది ఎక్కట్లేదని."
"మనుషులున్నారయ్యా, వేళకి బస్సే లేదు" అంది కోటమ్మ.
ఆయన తల వంచుకుని రాసుకున్నాడు. ఏం రాశాడో.
నాకు ఊళ్లో పడుకున్నవాడు మనిషి,
ఆయనకి ఊళ్లోంచి ఎక్కినవాడు.

ఆఖరి రాత్రి ఇళ్లు లేనివాళ్ల వంతు.
మిరప కోతలు.
చేల గట్ల మీద నల్ల పరదాల కింద
కర్నూలు వైపు కుటుంబాలు,
మా ఊరి పక్కన బోర్డు లేని ఇంకో ఊరు.
మేస్త్రీ మద్దిలేటి టార్చి పట్టాడు.
"మమ్మల్ని ఆడ రాసుకుండారో లేదో సారూ,
మేమొచ్చినాక ఆడంతా తాళాలే గదా."
చేతులు చూపించమని నేనడగలేదు.
కారం మంటకి వాళ్లే బొక్కెన నీళ్లలో ముంచి కూర్చున్నారు.
తొంభై మూడు దాకా వచ్చాక
పక్క గుడారంలో మూలుగు.

నాగుల్‌మీరా ఫోను స్విచ్చాఫ్.
నూట ఎనిమిది బండి అడ్డరోడ్డు దగ్గర దారి అడుగుతోందట.
దయానందం లేచాడు, చొక్కా కూడా వేసుకోలేదు.
"డ్యూటీ పొద్దున కదన్నా" అన్నాడు కండక్టరు,
అంటూనే దోమతెర మడిచేశాడు.
బస్సు కదిలితే కుక్కలన్నీ ఒక్కసారిగా మొరిగాయి,
వేళ కాని వేళ కదా.

మూడో కల్వర్టు దగ్గర ఆపమంది కోటమ్మ.
ఆమె ఎప్పుడెక్కిందో నేను చూళ్లేదు.
లోపల లైట్లన్నీ వేశాడు దయానందం.
ఆడవాళ్ల సీట్ల మధ్య
పన్నెండుకి పది నిమిషాలుందో,
పన్నెండు దాటి రెండు నిమిషాలైందో,
ఎవరూ గడియారం చూడలేదు.
చూడాల్సింది నేను. లెక్కంతా ఆ గంట మీదే.

ఆడపిల్ల.

ఫోను అడుగుతోంది: పుట్టిన ఊరు?
మద్దిలేటిని చూశాను. కోటమ్మని చూశాను.
బస్సు నుదుటి మీద రాసుంది కదా,
గుంటూరు అని, రేగడిదిన్నె అని,
మధ్యలో చిన్న గీత.

కండక్టరు అలవాటుకొద్దీ మిషను తీసి
"అడ్డరోడ్డుకి ఎంతమంది?" అన్నాడు.
వేలు పెట్టి తనే లెక్కపెట్టుకున్నాడు: పద్నాలుగు.
కోటమ్మ చీరచెంగులో మూట దగ్గర వేలు ఆగింది.
ఐదేళ్ల లోపు పిల్లలకి టికెట్టుండదని
ఇరవై ఏళ్ల సర్వీసుకి తెలీదా?
ఒకటి ఎక్కువే కొట్టాడు.